కారులో పోసే ఆయిళ్ళు ఒక్కోటి ఒక్కోలా ఎందుకు పాడవుతాయి: డబ్బా మీద అంకెల నుంచి ఘాట్ రోడ్డు బ్రేకుల దాకా

పోయిన దీపావళి ముందు మా బావ ఒడిశాలో మా రాయగడ మెయిన్ రోడ్డులో స్పేర్ పార్ట్స్ షాపు నుంచి ఫోన్ చేశాడు. "ఏరా, ఇక్కడ ఇంజిన్ ఆయిల్ డబ్బాలు నాలుగు పెట్టాడు, ఒకదాని మీద 20డబ్ల్యూ-50 అని ఉంది, ఇంకోటి 15డబ్ల్యూ-40, ఇంకోటి 5డబ్ల్యూ-30, చివరిది 0డబ్ల్యూ-20, షాపాయనేమో ఘాట్ ఎక్కే బండికి చిక్కటిదే పొయ్యాలంటున్నాడు, మిస్త్రీ ఏమో సింథటిక్ పోస్తే పాత ఇంజిన్ కారుతుందంటున్నాడు, నేనేం కొనాలి చెప్పు" అని. ఆయనది పదేళ్ళ పాత పెట్రోల్ బండి, లక్షా పది వేల కి.మీ. తిరిగింది, ఈసారి ఆయిల్ ఇంట్లోనే మార్చుకుందామని దిగాడు.

ఈ గందరగోళం ఆయనొక్కడిదే కాదు. కొత్త కార్లకి నీళ్ళలా పల్చటి ఆయిళ్ళు వచ్చాయి, బీఎస్6 అనే కొత్త కాలుష్య నియమంతో వచ్చిన డీజిల్ బండికి వేరే ఆయిల్ అంటున్నారు, ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక ఆయిల్ తొందరగా మార్చాలని వాట్సాప్‌లో తిరుగుతోంది. దీనికి తోడు మన భాషలో ఇంకో చిక్కు ఉంది, కారులో పోసేవాటన్నిటినీ మనం ఆయిల్ అనే అంటాం: ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్. పేరు ఒకటే అయ్యేసరికి అన్నీ ఒకే రకంగా పాతబడతాయని, రంగు చూసి చెప్పెయ్యొచ్చని అనుకుంటాం. అసలు సంగతి ఏంటంటే ఒక్కోటి ఒక్కో కారణంతో పాడవుతుంది. ఇంజిన్ ఆయిల్ మసినీ పెట్రోల్‌నీ తేమనీ మింగి పాడవుతుంది. బ్రేక్ ఆయిల్ బండి షెడ్డులో కదలకుండా ఉన్నా సరే గాల్లో తేమ పీల్చి పాడవుతుంది. కూలెంట్ పైకి నిండుగానే కనిపిస్తుంది గానీ అందులో తుప్పుని ఆపే మందు అయిపోతుంది. ఈ తేడా పట్టుకుంటే ఎన్ని కిలోమీటర్లకి, ఎన్నేళ్ళకి అనే గొడవ సగం అక్కడే తీరిపోతుంది.

డబ్బా మీద ఉన్న రెండు అంకెలు

5డబ్ల్యూ-30 తీసుకుందాం. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. అమెరికాలో ఆటోమొబైల్ ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ పెట్టిన కొలత ఇది, 1911 నుంచి మారుతూ మారుతూ వచ్చింది. డబ్ల్యూ ముందున్న అంకె చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసేటప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది, చిన్న అంకె అయితే అంత చలిలో కూడా పారుతుంది. 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. రెండో అంకె 100 డిగ్రీల వేడి దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉందో చెప్తుంది. ఆ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్ అనే లెక్కలో కొలుస్తారు, నీళ్ళకి గది వేడిలో సుమారు 1 వస్తుంది. 100 డిగ్రీల దగ్గర 20 నంబరు ఆయిల్ 6.9 నుంచి 9.3 లోపు, 30 అయితే 9.3 నుంచి 12.5 లోపు, 40 అయితే 12.5 నుంచి 16.3 లోపు, 50 అయితే 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి.

ఇక్కడ చాలామంది తిరగేసి అర్థం చేసుకునే విషయం ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడు పల్చగా ఉండి వేడెక్కితే ఆయిల్ చిక్కబడుతుందని అనుకుంటారు, అలా ఏ ఆయిలూ చెయ్యదు, వంటింట్లో నూనెలాగే ఇదీ వేడికి పల్చబడేదే. మామూలు 0డబ్ల్యూ-20 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 45 సెంటీస్టోక్స్ ఉంటుంది, అంటే మే నెల మధ్యాహ్నం మన ఊళ్ళో ఎండలో నిలబెట్టిన బండిలో ఉన్నట్టు. అదే మనం చిక్కటిది అనుకునే 20డబ్ల్యూ-50 ఇంజిన్ బాగా వేడెక్కాక 18 దగ్గర ఉంటుంది. అంటే నీళ్ళలా ఉందని మనం భయపడే ఆయిల్ చల్లటి ఇంజిన్‌లో ఉన్నప్పుడు, చిక్కటి ఆయిల్ వేడి ఇంజిన్‌లో ఉన్నదానికంటే రెండింతలు పైనే చిక్కగా ఉంది. డబ్బా ఊపి చూసో, వేళ్ళ మధ్య రాసి చూసో చేసే తీర్మానం ఎందుకు పనికిరాదో ఈ లెక్కతో తెలిసిపోతుంది, వేళ్ళు ఎప్పుడూ 100 డిగ్రీల దగ్గర ఉండవు కదా.

చిక్కటిదా, పల్చటిదా

షాపాయన వాదన తీసిపారేసేది కాదు. మన దగ్గర మైనస్ చలి లేదు, సెమిలిగుడలో చలికాలం తెల్లారగట్ల పది డిగ్రీల కిందికి వస్తుంది అంతే, కాబట్టి 0డబ్ల్యూ అయినా 10డబ్ల్యూ అయినా స్టార్టింగ్‌లో మనకి పెద్ద తేడా పడదు. ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేర్లో బరువుతో లాగుతుంటే ఆయిల్ బాగా వేడెక్కుతుంది, అరిగిన ఇంజిన్‌లో భాగాల మధ్య సందు పెరిగి ఉంటుంది, అలాంటప్పుడు చిక్కటి ఆయిల్ పొర తెగకుండా నిలుస్తుంది, ఆయిల్ ప్రెషర్ కూడా బాగుంటుంది. పల్చటి ఆయిళ్ళు కంపెనీలు ఎందుకు తెచ్చాయంటే మైలేజీ కోసం, కాలుష్యం లెక్కల కోసం కూడా, అందులో దాపరికం ఏం లేదు.

రెండో వైపు వాదన ఏంటంటే, ఇంజిన్ అరుగుదలలో చెప్పుకోదగ్గ భాగం స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, ఆయిల్ ఇంజిన్ పైభాగంలో తల (హెడ్) దాకా ఇంకా చేరకముందు జరుగుతుంది, అక్కడ పల్చటిది త్వరగా చేరుతుంది. పైగా ఇప్పటి ఇంజిన్లలో బేరింగ్ సందులూ ఆయిల్ పంపూ ఆ పల్చదనానికే లెక్కేసి చేసినవి. వాల్వులు తెరుచుకునే టైమింగ్‌ని మార్చే వీవీటీ లాంటి భాగాలు ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి, 0డబ్ల్యూ-20 అడిగిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే అవి మందగిస్తాయి.

నా మటుకు నాకు ఈ గొడవలో తీర్పు బండి మాన్యువల్‌లోనే కనిపిస్తుంది. కొన్ని మాన్యువల్స్‌లో బయట వేడిని బట్టి ఏ గ్రేడ్‌లు వాడొచ్చో చిన్న పట్టిక ఉంటుంది, ఒకటే కాకుండా రెండు మూడు గ్రేడ్‌లకి ఒప్పుకుంటారు. బావ బండి మాన్యువల్ తెరిస్తే మొదటి ఎంపిక 5డబ్ల్యూ-30, దాంతో పాటు 10డబ్ల్యూ-40 కూడా ఉంది. ఆయిల్ తాగే పాత ఇంజిన్ అయితే ఆ రెండోదానికి వెళ్ళడంలో అర్థం ఉంది. ఆయన బండిలో ఆయిల్ మట్టం చూసే గేజ్ కర్ర మీద పెద్దగా తగ్గట్లేదు, కాబట్టి 5డబ్ల్యూ-30 చాలు. 20డబ్ల్యూ-50 ఆ పట్టికలోనే లేదు.

అంకెల వెనక దాక్కున్న అక్షరాలు

అందరూ అంకెల గురించే కొట్టుకుంటారు గానీ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) గుర్తు ఇంకా ముఖ్యమని నేననుకుంటాను. అంకె ఆయిల్ చిక్కదనం చెప్తే, ఈ అక్షరాలు దానిలో కలిపిన మందుల నాణ్యత చెప్తాయి. పెట్రోల్ ఇంజిన్లకి ఎస్ తో మొదలవుతుంది: 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ. పెట్రోల్‌కి కొత్తది పాతదాని పనీ చేస్తుంది, ఎస్‌ఎల్ అడిగిన బండికి ఎస్‌పీ పొయ్యొచ్చు, తిరగేసి మాత్రం కుదరదు. ముఖ్యంగా చిన్న టర్బో పెట్రోల్ బండ్లకి. తక్కువ స్పీడులో ఎక్కువ బరువు లాగేటప్పుడు పెట్రోల్ టైం రాకముందే అంటుకునే జబ్బు ఒకటుంది, పిస్టన్ పగిలేంత దెబ్బ అది. దాన్ని తగ్గించేలా చేసిన ఆయిళ్ళే ఎస్‌పీ నుంచి వస్తున్నవి. సందుల్లో దొరికే చవక డబ్బాల మీద ఇంకా ఎస్‌ఎఫ్, ఎస్‌జే లాంటి పాత గుర్తులు కనిపిస్తాయి, అవి నకిలీ అని కాదు, ముప్పై నలభై ఏళ్ళ కిందటి ఇంజిన్ల కోసం అనుకున్నవి.

డీజిల్‌కి సీ తో మొదలవుతుంది, సీఐ-4, సీకే-4 లాగా. ఇక్కడ ఒక మలుపు ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ పెట్టారు, డీపీఎఫ్ అంటారు. అది నిండితే బండి తనంతట తనే వేడి పెంచి మసిని కాల్చేస్తుంది. కానీ ఇంజిన్ ఆయిల్ కాస్త కాలినప్పుడు వచ్చే బూడిద కాలదు, ఫిల్టర్లో అలాగే పేరుకుంటుంది. అందుకని ఈ బండ్లకి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ అడుగుతారు, డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2 అనో సీ3 అనో ఉంటుంది. పాత జీపుకి బాగా పనిచేసిన సీఐ-4 ఆయిల్ ఈ బండిలో పోస్తే ఆ రోజు ఏం కాదు, ఫిల్టర్ ఆయుష్షు మాత్రం తగ్గుతూ పోతుంది. ఊళ్ళోనే చిన్న చిన్న ట్రిప్పులు తిప్పే బీఎస్6 డీజిల్‌లో ఇంకో వింత కనిపిస్తుంది, గేజ్ మీద ఆయిల్ తగ్గడానికి బదులు పెరుగుతుంది. మసిని కాల్చడానికి అదనంగా పంపిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలవడం వల్ల అది. పెరిగింది కదా మంచిదే అనుకోకూడదు, ఆయిల్ పల్చబడిపోయిందని అర్థం.

సింథటిక్ అన్న మాట గురించి కొంచెమే చెప్తాను. ముడిచమురుని బాగా శుద్ధి చేసి అణువుల్ని మార్చి చేసిన దాన్ని గ్రూప్ 3 అంటారు, రసాయనాలతో కట్టిన దాన్ని గ్రూప్ 4 అంటారు. మొదటిదాన్ని సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో గొడవై, 1999లో అక్కడి ప్రకటనల ఫిర్యాదుల సంస్థ అనొచ్చని చెప్పింది. సెమీ సింథటిక్ అంటే ఎన్ని పాళ్ళు కలపాలో గట్టి లెక్కే లేదు. మిస్త్రీ చెప్పిన కారడం సంగతి మొదటితరం సింథటిక్‌ల రోజుల్లోది, ఇప్పటివి రబ్బరు సీళ్ళని చెడగొట్టవు, కానీ పాత గసి వల్ల మూసుకుపోయిన సన్న లీకు ఆ గసి కరిగాక బయటపడొచ్చు, ఆ మాటలో అంతవరకు నిజం ఉంది.

5,000 కి.మీ. అనేవాళ్ళు, 10,000 కి.మీ. అనేవాళ్ళు

ఇంజిన్ ఆయిల్ 5,000 కి.మీ.కే మార్చాలని కొందరు, 10,000 దాకా ఆగొచ్చని కొందరు అంటారు. ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం. ఒకాయన స్కూల్ మాస్టారు, ఇంటి నుంచి స్కూలు 3 కి.మీ., పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాడు, రోజుకి 6 కి.మీ., ఏడాదికి 240 పనిరోజులు వేసుకుంటే 1,440 కి.మీ. ఇంకొకాయన ట్యాక్సీ, రోజూ విశాఖ వెళ్ళొస్తాడు, సుమారు 400 కి.మీ., పాతిక రోజుల్లో 10,000 కి.మీ. అయిపోతుంది. ఎవరి ఆయిల్ ముందు పాడవుతుందంటే చాలామంది ట్యాక్సీ అంటారు.

కిలోమీటర్ల లెక్కన చూస్తే మాస్టారి ఆయిలే ఎక్కువ నలుగుతుంది. 3 కి.మీ.లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, అందులో కొంత పిస్టన్ పక్కనుంచి కిందకి జారి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చల్లటి చాంబర్‌లో నీళ్ళుగా మారుతుంది, చల్లటి ఇంజిన్‌కి పంపే అదనపు పెట్రోల్ కూడా కొంత ఆయిల్‌లో కలుస్తుంది. గంటసేపు హైవే మీద పరిగెడితే ఇవి రెండూ ఆవిరైపోతాయి, కానీ ఈ బండికి ఆ గంట ఎప్పుడూ దొరకదు. వానాకాలంలో అలాంటి బండి ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపల మజ్జిగ మీద వెన్నలా లేత గోధుమరంగు నురగ అంటుకుని కనిపిస్తుంది. అందుకే మాన్యువల్‌లో 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది అని రాస్తారు, మాస్టారికి వర్తించేది ఏడాది లెక్క. దాని కిందే కఠిన పరిస్థితులు అని ఇంకో పట్టిక ఉంటుంది, దుమ్ము, కొండలు, చిన్న ట్రిప్పులు, బరువు లాగడం ఉంటే గడువు తగ్గించమని. మన గనుల రోడ్ల దుమ్మూ ఘాట్‌లూ చూస్తే చాలామంది బండ్లు ఆ రెండో పట్టికలోకే వస్తాయి. కాబట్టి 5,000 అనేవాళ్ళూ 10,000 అనేవాళ్ళూ ఒకే పుస్తకంలో వేరే వేరే పేజీలు చదువుతున్నారు.

నల్లగా అయ్యింది కాబట్టి మార్చాలనేది మాత్రం సరైన లెక్క కాదు. మసిని పట్టుకుని తనలో తేలేలా ఉంచడం ఆయిల్ చెయ్యాల్సిన పని, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొన్ని రోజుల్లోనే నల్లబడుతుంది.

ఈ20 సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 2023 ఫిబ్రవరిలో బంకుల్లో మొదలై ఇప్పుడు దేశమంతా వచ్చిన ఈ పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, ఇథనాల్ నీళ్ళని పట్టుకుంటుంది, కాబట్టి ఆయిల్‌లో నీళ్ళు చేరతాయన్న భయం ఊరికే పుట్టింది కాదు. కానీ డబ్బా మీద ఏపీఐ గుర్తుతో పాటు ఉండే ఐఎల్‌ఎస్‌ఏసీ అనే ఇంకో ప్రమాణంలో జీఎఫ్-5 నుంచి పైన ఉన్న ఆయిళ్ళని 85 శాతం దాకా ఇథనాల్ ఉన్న ఇంధనానికి కూడా తట్టుకునేలా పరీక్షించే బయటకి పంపుతారు. కాబట్టి ఎస్‌పీ, జీఎఫ్-6 గుర్తు ఉన్న డబ్బా వాడేవాళ్ళు ఈ20 కోసం వేరే ఆయిల్ వెతకక్కర్లేదు. చిన్న ట్రిప్పులు తిప్పే బండికి గడువు పట్టుకోవడం మాత్రం ఇంకాస్త ముఖ్యమైంది. పాత బండ్లలో రబ్బరు పైపులు, మైలేజీ గొడవ వేరే విషయం, దాన్ని ఆయిల్‌తో కలపకూడదు.

బ్రేక్ ఆయిల్ నిజానికి నూనె కాదు

మూడేళ్ళ కిందట కొరాపుట్ నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగుతున్నాం, బండిలో నలుగురం, వెనక సామాను. సగం దిగాక బ్రేక్ పెడల్ మెత్తగా తగలడం మొదలైంది, మామూలుగా గట్టిగా ఆగే చోటు దాటి ఇంకా కిందకి పోతోంది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ దాదాపు నేలకి తగిలింది. గేర్ తగ్గించి హ్యాండ్ బ్రేక్‌తో ఒక వెడల్పు చోట ఆపాం. చక్రాల దగ్గర కాలిన వాసన, మా అక్క చేతిలో పిల్లాడు, ఎవరూ ఏం మాట్లాడలేదు. ముప్పావు గంట ఆగితే పెడల్ మళ్ళీ గట్టిపడింది, చిత్రంగా ఏమీ జరగనట్టే. కింద షెడ్డులో తీయిస్తే ఆరేళ్ళుగా ఆ బ్రేక్ ఆయిల్ మార్చలేదని తేలింది, ప్రతి సర్వీసులో పైన కాస్త పోసి నింపారు అంతే. బయటకి వచ్చింది డికాషన్ రంగులో ఉంది, కొత్తది పక్కన పెడితే లేత తేనె రంగు.

ఎందుకలా అయిందో లెక్క చూద్దాం. బండీ మనుషులూ కలిసి 1,200 కిలోలు, దిగిన ఎత్తు 700 మీటర్లు అనుకుందాం. ఆ బరువుని 9.8తో, 700తో గుణిస్తే 82 లక్షల జౌళ్ళు వస్తుంది. ఇది ఎంతంటే 25 డిగ్రీల నీళ్ళు 26 లీటర్లని మరుగు దాకా తెచ్చేంత వేడి. గాలీ, తక్కువ గేరులో ఇంజిన్ పట్టూ కొంత మోస్తాయి, నేనేమో ఆ రోజు నాలుగో గేర్లో బ్రేక్ మీదే దిగాను, అంటే ఎక్కువ భాగం నాలుగు చక్రాల దగ్గరే పుట్టింది. ఆ వేడి బ్రేక్ ప్యాడ్ల వెనకున్న ద్రవానికి తగిలింది.

ఆ ద్రవం గ్లైకాల్ జాతి రసాయనం, నూనె కాదు. నీళ్ళని పీలుస్తుంది, మూతకుండే గాలి సందు నుంచీ రబ్బరు పైపుల గోడల నుంచీ కూడా. మన వానాకాలం తేమలో ఇంకా తొందరగా. బ్రేక్ ఆయిల్ గ్రేడ్‌లని డాట్ 3, డాట్ 4 అని పిలుస్తారు. కొత్త డాట్ 3 మరగాలంటే కనీసం 205 డిగ్రీలు కావాలి, డాట్ 4 అయితే 230. అదే 3.7 శాతం నీళ్ళు చేరాక డాట్ 3కి 140, డాట్ 4కి 155 నిలబడితే ప్రమాణం ప్రకారం చాలు. ఆరేళ్ళ పాతది ఇంకా కిందే ఉండొచ్చు. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది, మన కాలి బలమంతా ఆ బుడగలు నొక్కడానికే సరిపోతుంది, బ్రేకు దాకా చేరదు. చల్లారితే బుడగలు మళ్ళీ ద్రవం అవుతాయి, అందుకే పెడల్ బాగైపోయినట్టు కనిపించింది. చదునైన రోడ్డు మీద టెస్ట్ చేస్తే ఈ లోపం ఎప్పటికీ దొరకదు.

కిలోమీటర్లతో సంబంధం లేకుండా రెండేళ్ళకోసారి మార్చమని చాలా మాన్యువల్స్ చెప్పేది ఇందుకే. రెండేళ్ళు మరీ తొందర, టెస్టర్‌తో చూసి నీళ్ళ శాతం పెరిగితేనే మార్చాలి అనేవాళ్ళు ఉన్నారు, చదును ప్రాంతంలో తక్కువ తిరిగే బండికి ఆ మాట కొంత చెల్లుతుంది. ఘాట్ దిగే బండికి నేనైతే వాయిదా వెయ్యను. డాట్ 3 బదులు డాట్ 4 పొయ్యొచ్చు, రెండూ ఒకే జాతి, డాట్ 5.1 కూడా అదే జాతి. డాట్ 5 మాత్రం సిలికాన్, వీటితో కలవదు, పేరులో దగ్గరగా ఉండటం వల్ల పొరపాటు జరుగుతుంది. దీనికంటే పెద్ద ప్రమాదం మన మాటలో ఉంది: ఆయిల్ అంటున్నారు కదా అని ఆ డబ్బీలో ఇంజిన్ ఆయిలో స్టీరింగ్ ఆయిలో పోస్తే లోపలి రబ్బరు ఉబ్బిపోయి మొత్తం బ్రేక్ వ్యవస్థే పాడవుతుంది. సీల్ తీసిన బాటిల్లో మిగిలింది కూడా నెలల తర్వాత పనికిరాదు, అది కూడా తేమ పీలుస్తూనే ఉంటుంది. రంగు మీద పడితే పెయింట్ లేస్తుంది, వెంటనే నీళ్ళు కొట్టాలి.

కూలెంట్: రంగు కాదు, మందు

పాత అంబాసిడర్ రోజుల్లో ఘాట్ మధ్యలో ఆపి వాగు నీళ్ళు రేడియేటర్లో పోసి మళ్ళీ బయల్దేరడం మన పెద్దవాళ్ళకి మామూలే, ఆ అలవాటే ఇప్పటి బండ్లకీ వచ్చింది. అప్పటి ఇంజిన్ ఇనుము, గోడలు మందం, తుప్పు పట్టినా ఏళ్ళు పట్టేది. ఇప్పటి ఇంజిన్ తలా రేడియేటరూ అల్యూమినియం, గోడలు పల్చన, గొట్టాలు సన్నం.

కూలెంట్ అంటే ఇథిలీన్ గ్లైకాల్, నీళ్ళు, వాటితో తుప్పు ఆపే మందులు. సగం సగం కలిపితే మరుగు సుమారు 107 డిగ్రీలకి పెరుగుతుంది, మూత పట్టి ఉంచే ఒత్తిడితో 125 దాటుతుంది. మందుల్లో తేడాని బట్టి పాత రకం రెండేళ్ళు, ఓఏటీ అనే సేంద్రియ ఆమ్లాల రకం అయిదేళ్ళు పనిచేస్తుంది. రంగు కంపెనీ కలిపేది, దానికి ఏ ప్రమాణమూ లేదు, ఒకరి పచ్చ ఇంకొకరి పచ్చ ఒకటి కాదు. ఎరుపు ఎరుపుతో కలిపితే చాలనేది నిజం కాదు, పొంతన లేని మందులు కలిస్తే జిగురులా పేరుకోవచ్చు.

కొంచెం తగ్గింది కదా కుళాయి నీళ్ళు పోద్దాం అనే అలవాటు ఏం చేస్తుందో చూడండి. 5 లీటర్ల వ్యవస్థ, సగం గ్లైకాల్. చిన్న లీకుతో లీటరు పోయింది, నీళ్ళతో నింపాం: 40 శాతానికి వచ్చింది. మళ్ళీ లీటరు, మళ్ళీ నీళ్ళు: 32. మూడోసారికి 26 కూడా లేదు. తుప్పు ఆపే మందు కూడా అదే లెక్కన సగానికి పడిపోయింది, పైన ట్యాంకు మాత్రం మ్యాక్స్ గీత దాకా నిండుగా, ఇంకా కాస్త పచ్చగా కనిపిస్తుంది. బోరు నీళ్ళయితే ఇంకో దెబ్బ, గిన్నెలో కాస్తే అడుగున తెల్లగా పట్టే పెచ్చు లోపల గొట్టాల్లో కూడా పడుతుంది. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఇందుకే, అదనుకుని పక్కనే ఉండే బ్యాటరీ యాసిడ్ తెచ్చుకోకూడదు. కుళాయి నీళ్ళు చుక్క కూడా పోయకూడదని కంపెనీలు అంటాయి, దారిలో బండి వేడెక్కి ఆగిపోతే దొరికిన మంచినీళ్ళు పోసి షెడ్డు దాకా చేరి తర్వాత అంతా మార్చుకోవడం ఇంజిన్ కాల్చుకోవడం కంటే మేలనేది నాకు సరైన మాటే అనిపిస్తుంది.

వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీస్తే లోపల ఒత్తిడితో ఆగి ఉన్నది ఒక్కసారిగా మరిగి ముఖం మీదకి చిమ్ముతుంది. ఇంకొకటి, కూలెంట్ తియ్యగా ఉంటుంది, పళ్ళెంలో వదిలేస్తే కుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. పిల్లలకి కూడా అంతే విషం.

గేర్ ఆయిల్, ఆటోమేటిక్ అనే పేరు తెచ్చే తికమక

మాన్యువల్ గేర్‌బాక్స్‌కి 75డబ్ల్యూ-90 లాంటివి వాడతారు. 90 అని చూసి ఇంజిన్ ఆయిల్ కంటే రెండింతలు చిక్కన అనుకుంటారు, గేర్ ఆయిల్‌ది వేరే కొలబద్ద, అది ఇంజిన్ ఆయిల్లో 40, 50 నంబర్లకి దగ్గర. దీని మీద మందుల స్థాయిని చెప్పే జీఎల్-4, జీఎల్-5 అనే గుర్తు ఉంటుంది. ఇక్కడ పెద్ద అంకె మంచిదని తీసుకుంటే దెబ్బతింటాం, జీఎల్-5లో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ, గేర్ మార్చేటప్పుడు పట్టు ఇచ్చే ఇత్తడి రింగులని అవి తినొచ్చు.

ఏఎంటీ బండ్లని అందరూ ఆటోమేటిక్ అంటారు, కానీ లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌నీ గేర్‌నీ ఒక యంత్రం మారుస్తుంది. కాబట్టి దానికి గేర్ ఆయిలే, ఆ యంత్రానికి కొన్ని బండ్లలో విడిగా ఇంకో ద్రవం ఉంటుంది. అసలు ఆటోమేటిక్, బెల్టుతో నడిచే సీవీటీ, రెండు క్లచ్‌లుండే డీసీటీ, ఈ మూడు రకాల గేర్‌బాక్సులకీ మూడు వేరే ద్రవాలు, ఒకటి బదులు ఇంకోటి పోస్తే బెల్టులూ క్లచ్‌లూ జారతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ జీవితాంతం ఉంటుందంటాయి, ఆ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య మార్చమంటుంది. బండి ఎన్నేళ్ళు ఉంచుకుంటాం అన్నదాన్ని బట్టి జీవితాంతం అన్న మాటకి అర్థం మారుతుంది.

ఇంటి వాకిట్లో ఎంతవరకు

ఇంజిన్ ఆయిల్ మార్చడం ఇంట్లో అయ్యే పనే. చాంబర్ నట్టు, దాని వాషర్, ఫిల్టర్, చిన్న పెట్రోల్ బండ్లకి సుమారు మూడు మూడున్నర లీటర్ల ఆయిల్. ప్రమాదం జాకీ దగ్గరుంది, స్టాండ్ లేకుండా ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కింద దూరడం ప్రాణం మీదకి తెచ్చే పని. కూలెంట్ పొయ్యడం తేలికే గానీ లోపల గాలి ఇరుక్కుంటే సూది నార్మల్‌గా ఉన్నా ఇంజిన్ తల కాలుతుంది. బ్రేక్ గాలి తీయడానికి ఇద్దరు కావాలి, ఏబీఎస్ లోపలికి గాలి చేరితే చాలా బండ్లకి స్కానర్ లేకుండా బయటకి రాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేజ్ కర్రే ఉండదు చాలావాటికి, ఆయిల్ ఒక వేడి దగ్గర ఉన్నప్పుడే మట్టం చూడాలి. వారంటీ ఉన్న బండి అయితే సర్వీస్ రికార్డు లేదని తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ రావొచ్చు, ఆ లెక్క కూడా ముందే వేసుకోవాలి.

తీసిన పాత ఆయిల్ సంగతి ఎవరూ మాట్లాడరు. మన ఊళ్ళలో దాన్ని చెదలు పట్టకుండా తలుపులకీ దూలాలకీ పూస్తారు. వాడిన ఆయిల్‌లో క్యాన్సర్ తెచ్చే రసాయనాలు పోగై ఉంటాయి, గ్లవ్స్ లేకుండా పనిచేసే మిస్త్రీల చేతుల గురించి నాకు ఎప్పుడూ బెంగే. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది, దాన్ని కొని శుద్ధి చేసేవాళ్ళు ఉన్నారు, పెద్ద షెడ్డుల్లో అందుకే డ్రమ్ము పెడతారు. కాలవలో పోస్తే మన దగ్గర అది చేరేది నాగావళికే, అక్కడి నుంచి తోటపల్లి, ఆ కింద శ్రీకాకుళం.

బావ ఆ ఆదివారం వాకిట్లో గోనె సంచి పరుచుకుని మూడు లీటర్ల పైన దింపాడు. ఎస్‌పీ గుర్తున్న 5డబ్ల్యూ-30 పోశాడు, గేజ్ రెండుసార్లు తుడిచి చూశాడు, పాతది ఖాళీ డబ్బాలోనే పట్టి మూత బిగించి సోమవారం పనికి వెళ్తూ షెడ్డు డ్రమ్ములో పోసొచ్చాడు. బానెట్ లోపల టేప్ ముక్క మీద తేదీ, 1,10,420 కి.మీ. అని రాసి అంటించి, దాని కింద ఇంకో గీత గీశాడు: బ్రేక్ ఆయిల్, చివరిసారి ఎప్పుడు? ఆ గీత ఎదురుగా రాయడానికి ఆయన దగ్గర తేదీ లేదు. సంక్రాంతికి సాలూరు దిగాలి, ముందు వారమే షెడ్డుకి బండి ఇచ్చాడు.